పావని ఔటైన రోజు

ఆ రోజు పొద్దున పావని చేతిలోంచి రాళ్ల గిన్నె జారిపోయింది. లాడ్ బజార్ దుకాణం కోసం నేను ఇంట్లో కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతుకుతాను. రంగులు ఏరి నాకు అందించడం నా బిడ్డ పని. ఆరేళ్ల పిల్ల. రాళ్లన్నీ మంచం కిందికి పోయాయి. "కండ్లు యాడ పెట్టినవే?" అని కసిరాను. అది ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. మూతి ఒక పక్కకు పోయింది. రాళ్లు ఏరదామని వంగి, కుడి పక్కకు కూలబడింది.

నేనూ మా అత్తా ఛత్రినాక నుంచి ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. మా ఆయన లేడు. లివర్ చెడిపోయి అంతకు ముందే పోయాడు. దారి పొడుగునా పావని కుడి చెయ్యి నా ఒళ్లో తడిబట్టలా పడి ఉంది. పట్టుకుంటే పట్టుకోదు.

సీటీ తీశారు, తర్వాత ఎమ్మారై తీశారు. "స్ట్రోక్ అమ్మా" అన్నాడు డాక్టర్.

పక్షవాతమంటే ముసలివాళ్లకు వచ్చేదనే నాకు తెలుసు. "ఇంత చిన్న పిల్లకా సారూ?" అన్నాను.

"పిల్లలకు కూడా వస్తది. ఎందుకొచ్చిందో చూడాలె. ఈ నడుమ ఏమన్నా జబ్బు చేసిందా? జ్వరం, ఇన్ఫెక్షన్, ఏదన్నా?"

మా అత్త ముందుకు జరిగి చెప్పింది. "ఏం జబ్బు లేదు సారూ. గుండ్రాయి లెక్క ఉండె నా మన్మరాలు."

నేనూ తలూపాను. మేం అబద్ధం చెప్పలేదు. మాకు తెలిసినంతలో అది నిజమే.

గుండెకు ఎకో తీశారు. రక్తం తీశారు. వెన్నులోంచి నీళ్లు తీసేటప్పుడు పావనిని నలుగురు పట్టుకున్నారు, నన్ను బయట నిలబెట్టారు. దాని అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఎక్కడా కారణం దొరకలేదు. ఒకరోజు చిన్న డాక్టరమ్మ కడుపు నొక్కి చూస్తూ ఆగిపోయింది.

"ఈ మచ్చలేంది?"

"అవా? ఎండకాలం ముంగట తల్లి పోసింది కద" అంది మా అత్త.

"అంటే చికెన్‌పాక్స్! మరి సార్ అడిగితే ఏం లేదన్నరు?"

"సార్ జబ్బు అడిగిండు బిడ్డా. తల్లి జబ్బెట్లయితది?"

మా ఇళ్లలో ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు వచ్చిందంటాం. వేపాకు పరిచి పడుకోబెడతాం. దవాఖానకు పోము, మందు వేయము. తగ్గాక నైవేద్యం పెట్టి తల్లిని సాగనంపుతాం. దండం పెట్టి సాగనంపిన తల్లిని జబ్బుల్లో కలిపి ఎవరైనా చెబుతారా?

పెద్ద డాక్టర్ వచ్చి మా ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోప్పడలేదు. "కొంతమంది పిల్లలకు చికెన్‌పాక్స్ తగ్గిన కొన్ని నెలలకు మెదడుల రక్తనాళం సన్నబడుతది. మేము కారణం గుండెల దేవులాడుతున్నం. అయిందేదో అయింది. దెబ్బతిన్న భాగం తిరిగి రాదు. ఇంకోటి రాకుండ చూసుకోవాలె."

మచ్చల సంగతి ముందే చెప్పి ఉంటే వెన్నులో సూది లేకుండా పోయేదేమో అని నేను అడగలేదు. అడిగి ఏం చేయను?

మందులు రాసిచ్చి ఇంటికి పంపారు. పావని కాలు ఈడ్చుకుంటూ నడిచేది. మాట మెల్లగా వచ్చింది. చెయ్యి మాత్రం మణికట్టు దగ్గర లోపలికి తిరిగి, పిడికిలి బిగిసి, ఛాతీకి అతుక్కుని ఉండేది. గల్లీలో ఆడే పిల్లలు పావని గడపలోకి రాగానే పక్క గల్లీకి పోయేవారు. ఎదురింటి అనసూయ నల్లా దగ్గర అందరూ వింటుండగా అంది, "మొగుడు పోయినదాని చేతి నైవేద్యం తల్లి తీసుకుంటదా? అందుకే పిల్ల మీద చూపిచ్చింది."

నా చేతిలో బిందె ఉంది. గడపలోంచి మా అత్త అరిచింది. "నైవేద్యం వండింది నేను, పెట్టింది నేను. అనేదుంటే నన్నను. నీ నోరు పడిపోతే ఏ తల్లి చూపిచ్చిందని అడగాలెనే?"

లొల్లి అయింది. పిల్లలు మాత్రం రాలేదు.

దవాఖానలో ఆక్యుపేషనల్ థెరపీ అని ఒక గది ఉంది. అక్కడి మేడం బాగున్న ఎడమ చేతికి సాక్స్ తొడిగి, కుడిచేత్తోనే అన్నీ చేయించమంది. బాగున్న చెయ్యే అన్నీ చేస్తుంటే చెడిన చెయ్యి మేలుకోదట. ఇంట్లో సాక్స్ తొడిగితే పావని ఏడ్చేది. ఆకలికి ఆగలేక పళ్లెంలో మూతి పెట్టి తినేది. ఒకసారి మా అత్త సాక్స్ పీకి బయట పారేసింది. "పసిదాని చెయ్యి కట్టేస్తవా? తల్లివా, పోలీస్‌దానివా నువ్వు?" నేను ఏరుకొచ్చి మళ్లీ తొడిగాను. మా ముగ్గురికీ ఏడుపే.

కొన్ని నెలలకు వేళ్లు కొంచెం విచ్చుకున్నాయి. అక్కడితో ఆగిపోయింది. థెరపీ గదిలో చెక్కముక్క పట్టుకునేది, ఇంటికొస్తే పిడికిలి మూసేది.

"ఇక్కడ నా కోసం చేస్తుంది. దానికి కావాలనిపించి చెయ్యాలి" అంది మేడం. "మీ గల్లీలో పిల్లలు ఏం ఆడుతరు?"

"లింగోచా."

ఏడు చదును రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి బంతితో కొట్టే ఆట. ఒక జట్టు పడగొట్టి మళ్లీ పేర్చాలి. పేర్చేవాళ్లను రెండో జట్టు బంతితో కొడుతుంది. తగిలితే ఔట్. మేడం బల్ల మీద చెయ్యి చరిచింది. "రాయి పట్టుకోవాలె, ఎత్తాలె, సరిగ్గా విడవాలె. నేను గదిలో చేయించేది అదే. ఆడించండి."

అనసూయ కూతురు మేఘన గల్లీకి లీడర్. దాన్ని పట్టుకుని బతిమాలాను. "సరే ఆంటీ, గని ఆటల అరటిపండు" అంది. అంటే ఆటలో ఉంటుంది, లెక్కలో ఉండదు. బంతి తగిలినా ఔట్ కాదు. రాయి పెట్టినా లెక్క కాదు. పావని మాత్రం పొద్దుగూకేదాకా అక్కడే నిలబడేది.

ఒక సాయంత్రం అరుపులు వినబడి ఉరికాను. పావని నేల మీద కొట్టుకుంటోంది. కళ్లు పైకి పోయాయి. అనసూయ దాని పిడికిట్లో తాళాలగుత్తి కుక్కుతోంది. ఎవరో నోట్లో నీళ్లు పోయబోతున్నారు. ఫిట్స్. మెదడులో స్ట్రోక్ అయిన చోట మిగిలిన మచ్చ వల్ల ఇవి రావచ్చని డాక్టర్ ముందే చెప్పాడు. నేను గల్లీలో ఎవరికీ చెప్పలేదు. చెబితే అరటిపండుగా కూడా ఉంచుకోరు కదా.

తెల్లారి అనసూయ మా గడప ఎక్కకుండానే చెప్పింది. "మా పిల్లలతోని ఆడనియ్యకు. ఏమన్నా అయితే మా మీదికొస్తది."

నాకూ ఆట బంద్ చేయాలనే అనిపించింది. మేడంతో అదే అన్నాను. ఆమె ఒక ఆదివారం ఆటో దిగి మా గల్లీకి వచ్చింది. అనసూయ అరుగు మీదే కూర్చుని పిల్లల్ని పిలిచింది. పావనిది ఏ జబ్బో చెప్పింది. అంటుకోదని చెప్పింది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టొద్దు, తాళాలతో పని లేదు, పెద్దవాళ్లను పిలవాలి. పిల్లల్ని పడుకోబెట్టి ఒకరితో ఒకరికి చేయించింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. చివర మేఘన అడిగింది, "అయితే తల్లి కోపం కాదా?"

"కాదు. జబ్బే" అంది మా అత్త. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు.

అనసూయ లోపలికి పోయి తలుపు మూసుకుంది. మేఘన మాత్రం బయటే ఉండిపోయింది.

తర్వాత ఒకరోజు గాజులకు రాళ్లు అతుకుతుంటే బయట గొంతులు లేచాయి.

"పావనీ, ఔట్! వీపుకు తగిలింది, నడువ్!"

"తగల్లే! లంగకు తగిలింది!"

"లంగ నీది కాదా? తొండి ఆడకు, ఫో!"

నా చేతిలో వేడి లక్క చల్లారి గట్టిపడింది. దాన్ని ఔట్ అంటున్నారు. లెక్కలోకి తీసుకున్నారు.

ఇప్పుడు పావని తొమ్మిదేళ్ల పిల్ల. చెయ్యి తిన్నగా కాలేదు, కాదట. తనంతట తాను జడ వేసుకోవడం, బొత్తాం పెట్టుకోవడం చేతకాదు. ఫిట్స్ మందు ఒక పూట తప్పినా భయం. పోయిన చలికాలం మళ్లీ వచ్చాయి. మేఘనే పక్కకు తిప్పి పడుకోబెట్టి నన్ను పిలిచింది. లింగోచాలో మూడు రాళ్లు కుడిచేత్తో పెడుతుంది, నాలుగోది జారుతుంది. జారితే జట్టంతా దాన్ని తిడుతుంది.

నాకు చదువు రాదు, చెబుతుంటే రాస్తున్నారు. మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే ఒక్కటే చెబుతాను. దాచకండి. దవాఖానలో జబ్బు చేసిందా అని అడిగితే తల్లి పోసిందని కూడా చెప్పండి. గల్లీలో ఫిట్స్ వస్తాయని చెప్పండి, వస్తే ఏం చేయాలో చూపించండి. తలుపులు మూసేవాళ్లు మూస్తారు. తెలియనివాళ్ల చేతిలో బిడ్డ పడటం కంటే అదే నయం.

బయట మళ్లీ లొల్లి మొదలైంది. ఔట్ కాలేదని పావని అరుస్తోంది. నేను పోను. వాళ్లే తేల్చుకుంటారు.