టైపు కొట్టించిన ప్రేమ

మీరు చాలామంది మూర్ఖులను చూసి ఉంటారు. తన ప్రేమలేఖను తాను ప్రేమించిన అమ్మాయి చేతనే టైపు చేయించి, ఆఫీసంతా పంచిపెట్టినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇదిగో, చూసుకోండి!

1981. అమెరికాలోని సన్నీవేల్‌లో ఉద్యోగం, ఒంటిగది అపార్ట్‌మెంట్. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో నోరు మూస్తే మళ్ళీ సోమవారమే తెరిచేది. ఆ రెండు రోజులూ టీవీలో హాలీవుడ్ పాత నలుపు తెలుపు సినిమాలే నాకు చుట్టాలు. అన్నిట్లోనూ ఒకటే కథ. బాసు కసురుతాడు, సెక్రటరీ కాఫీ తెస్తుంది. చివర్లో అతను "ఆ కళ్ళద్దాలు తియ్యి" అంటాడు. ఆమె తీసి, అతని గుండెల మీద వాలిపోతుంది. ఓహో, ఈ దేశంలో ప్రేమంటే ఇదన్నమాట! పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. నేను టీవీని చూసి పెట్టుకున్నాను.

మా గ్రూపు టైపిస్టు లిండాకి కళ్ళద్దాలున్నాయి. పైగా సుబ్రహ్మణ్యం అని నా పేరు పూర్తిగా పలకడం నేర్చుకున్నది ఆమె ఒక్కతే. వారమంతా ఆ పిలుపు కోసమే ఎదురుచూసేవాణ్ణి.

ఒకరోజు హీరోలా ఆమె బల్ల అంచున కూర్చుని, "రాసుకో" అన్నాను. "ఆ కళ్ళద్దాలు తీసెయ్. నాకు కాఫీ కలిపివ్వడానికే పుట్టావు నువ్వు."

"ఎవరికి పంపాలి?"

"అర్థం కావాల్సినవాళ్ళకి అర్థమవుతుందిలే," అన్నాను గంభీరంగా.

ఎవరికన్నది రాయని మెమో గ్రూపులో అందరికీ వెళ్ళాలన్నది మా ఆఫీసు ఆనవాయితీ. గంటలో పదకొండు బల్లల మీద పదకొండు కాపీలు!

మేనేజరు కళ్ళద్దాలు సవరించుకుంటూ వచ్చాడు. "ఇవి తీసేస్తే నీ రిపోర్ట్ ఎలా చదవనయ్యా?"

ఆఫీసంతా గొల్లుమంది. లిండా మాత్రం నవ్వలేదు.

"అది నాకేనా?"

తల ఊపాను.

"కాఫీ కలపమనే బాస్‌తో పడలేకే పాత జాబ్ వదిలేశా. నువ్వూ అంతేనా?" అంది. "రోజూ బ్రేక్ రూమ్‌లో ఒక్కదాన్నే లంచ్ తింటున్నా. తిన్నావా అని అడిగుంటే, రా కూర్చో అనేదాన్ని కదా!"

గోడకు ఇవతల నేనూ ఒక్కణ్ణే పెరుగన్నం తినేవాణ్ణి. "భోంచేశారా" అన్నది తెలుగువాడికి ఉగ్గుపాలతో వచ్చే మాట. అమెరికాలో అది మోటుగా ఉంటుందని మింగేశాను. సిగ్గుతో చచ్చిపోయాను, అంతకుమించి ఏడుపొచ్చింది.

మర్నాడు పదకొండింటికే బ్రేక్ రూమ్‌కి పరిగెత్తాను. "లిండా, లంచ్ తిన్నావా?"

"తినేశా," అంది, ఇంకా మూత తీయని డబ్బా మీద చెయ్యి పెట్టి.

అప్పుడే ముక్కోటి దేవతల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మరే ఆడమనిషికీ డైలాగులు చెప్పను. భోంచేశారా అని మాత్రమే అడుగుతాను, అదీ ఒకరోజు ముందుగా.