లోపలి జిప్పు

మా వదిన, అంటే మా ఆయన అక్క, హాస్పిటల్లో శవాల గదిలో పనిచేస్తుంది. ఈ మాట వినగానే మొహం అదోలా పెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వచ్చినవాళ్ళను శుభ్రం చేసి, సంచిలో పెట్టి, జిప్పు వేసి, చల్లగదిలోకి పంపడం ఆవిడ పని. జిప్పు చివరిదాకా పడకపోతే ఊరుకోదు. "సగం మూసి వదిలేస్తే వాళ్ళని అవమానించినట్టే" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ తలంటుతుంది. అందుకే అక్కడ అందరూ ఆవిడను జిప్పక్క అంటారు.

ఆ జిప్పక్కకు ఈ వయసులో, సైకిల్ మీద ఒంటరిగా, నది వెంబడి సముద్రందాకా వెళ్ళాలని బుద్ధి పుట్టింది. మా ఆయన ససేమిరా అన్నారు.

"వీలు చూసుకుని అందరం కారులో వెళ్దాంలే అక్కా."

"రోజూ నా చేతుల మీదుగా ఎంతమంది పోతున్నారో నీకేం తెలుసు? వాళ్ళలో ఒక్కళ్ళు కూడా వీలు చూసుకుని రాలేదు" అంది వదిన.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

డేరా మోస్తే ఎత్తు రోడ్డు మీద మోకాళ్ళు మొరాయిస్తాయని, బివీ అనే పడక సంచి కొందామనుకుంది. ఒక్క మనిషి దూరి పడుకునే పల్చటి సంచి అది, వాన పడినా తడవదు. సైకిల్ సామాన్ల దుకాణంవాడు రెండు రకాలు ఇచ్చి, వాడి చూసి ఒకటి వెనక్కి ఇవ్వమన్నాడు. మొదటిది మడిస్తే గుప్పెట్లో పడుతుంది, కానీ జిప్పు లాగే పట్టీ బయటివైపే ఉంది. రెండోదానికి మొహం దగ్గర దోమల వల, జిప్పుకు రెండువైపులా పట్టీలు. అందుకే కాస్త బరువు. వదిన మనసంతా గుప్పెట్లో పట్టేదాని మీదే. "లోపల ఊపిరికి చెమ్మ పడుతుందేమో, ఎక్కడైనా చల్లటి చోట పడుకుని చూడండి" అన్నాడట దుకాణంవాడు.

చల్లటి చోటుకు ఆవిడకేం కొదవ? మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ గుప్పెట్లో పట్టే సంచి తీసుకుని చల్లగది బయట నడవాలోకి వెళ్ళింది. నేల అప్పుడే తుడిచి తడిగా ఉందని ఖాళీ స్ట్రెచర్ ఎక్కింది. సంచిలో దూరి, చెయ్యి బయటపెట్టి జిప్పు లాక్కుని, గాలికి కాస్త సందు వదిలింది. మెత్తగా ఉందేమో, కునుకు పట్టేసింది.

స్ట్రెచర్ తోసే అతను వచ్చి చూశాడు. పూర్తిగా పడని జిప్పు! జిప్పక్క కంటపడితే ఇంకేమైనా ఉందా? చివరిదాకా లాగి, శ్రద్ధగా చల్లగది వైపు తోశాడు. కుదుపుకు మెలకువ వచ్చిన వదిన జిప్పు కోసం తడుముకుంది. లోపల పట్టీ ఏదీ?

"ఎవడ్రా తోసేది?" అని అరిచింది.

అతను స్ట్రెచర్ వదిలేసి వీధిలోకి పరుగు లంకించుకున్నాడు. కేక విని వచ్చిన నర్సు జిప్పు తీసిందట, నవ్వు ఆపుకోలేక.

వదిన ఇంటికి చేరేలోపే కబురు చేరింది. మా ఆయన ఆవిడ సైకిల్‌కు తాళం వేసి చెవి దాచేశారు.

"పరువు తీశావు. వాళ్ళని సంచిలో పెట్టి పెట్టి నీకూ సంచి పిచ్చి పట్టింది. ప్రయాణం లేదు, ఏం లేదు."

వదిన నడుచుకుంటూ దుకాణానికి వెళ్ళి, గుప్పెట్లో పట్టేదాన్ని తిరిగిచ్చేసి వచ్చింది. హాల్లో, ఆయన కూర్చున్న కుర్చీ ముందే రెండో సంచి పరిచి అందులో దూరింది. లోపలి నుంచే జిప్పు చివరిదాకా వేసేసుకుంది. ఆయన మొహంలో రంగు మారింది.

"అక్కా, లే. నిన్నలా చూడలేను."

జిప్పు బర్రున తెరుచుకుంది. వదిన తల బయటపెట్టింది. జుట్టు చెదిరిపోయి ఉంది, మొహం కోపంతో ఎర్రబడింది.

"నేను రోజూ మూసే సంచులకి లోపల పట్టీ ఉండదురా. వాళ్ళకి అక్కర్లేదు. నాకింకా కావాలి. తాళంచెవి ఇవ్వు."

ఆయన కదల్లేదు. తాళంచెవి కొక్కేనికి వేలాడుతున్న చొక్కా జేబులో ఉందని నాకు తెలుసు. తీసుకెళ్ళి వదిన చేతిలో పెట్టాను.