కొరింథులో ఇంకా మనుషులున్నారు

చిన్నప్పటి నుంచి చర్చిలో వింటూ పెరిగిన కొరింథు ఇంకా భూమ్మీద ఉందని నాకు తెలియదు. అది బైబిలు వాక్యంలో మాత్రమే ఉండే ఊరనుకున్నాను. గల్ఫ్‌కి వచ్చి, ఖోర్ ఫక్కాన్ అనే రేవు ఊళ్లో నేను పనికి కుదిరింది ఒక గ్రీకు పోర్టు ఇంజనీరు ఇంట్లో. అతని ముసలి తల్లిని కనిపెట్టుకుని ఉండాలి. ఆవిడది కొరింథు అని తెలిసిన రోజు నోరెళ్లబెట్టాను.

"అక్కడింకా మనుషులున్నారా, పెద్ద మేడం?"

"మరి నేనెవర్ని? దయ్యాన్నా?" అని ఆవిడ పడీ పడీ నవ్వింది.

ముందు సముద్రం, వెనక కొండ. తమ ఊరూ ఇలాగే ఉంటుందని ఆవిడ మధ్యాహ్నాలు బాల్కనీలో కూర్చునేది. వచ్చీరాని ఇంగ్లీషులో ఊరి కథ చెప్పేది. "రోమన్లు వచ్చారు, ఊరు ఖలాస్." చాలా ఏళ్లు పాడుబడ్డాక ఆ రోమన్లే మళ్లీ కట్టారట. తర్వాత భూకంపాలు, దోపిడీలు, తురకల ఏలుబడి. ఎవరు గెలిస్తే నాకేంటని బీన్స్ ఈనెలు తీసుకుంటూ ఊ కొట్టేదాన్ని. ఆ తర్వాత ఒక భూకంపానికి ఊరంతా కూలితే జనం సముద్రం ఒడ్డుకు పోయి, అదే పేరుతో కొత్త ఊరు కట్టుకున్నారని చెప్పినప్పుడు మాత్రం నా చేతులు ఆగిపోయాయి.

కరోనా తగ్గుముఖం పట్టిన ఆ ఏడాదే గోదావరి ఒడ్డున మా ఊరిని ప్రాజెక్టు ముంపు కింద ఖాళీ చేయిస్తున్నారు. మెరకలో కాలనీ కట్టారు, పాత పేరే పెట్టారు. మా పాప మాత్రం పాత ఊరి సమాధుల దొడ్డిలో ఉంది. జ్వరమొచ్చి పోయింది. ఏటా సమాధుల పండక్కి మా ఆయన సున్నం వేసి కొవ్వొత్తి వెలిగిస్తే, నేను ఫోనులో చూసి ఏడ్చేదాన్ని.

"చనిపోయినవాళ్లనేం చేశారు?" అని ఆవిడని అడిగాను.

భూకంపం నాటి సంగతి ఆవిడకీ తెలియదు. కానీ తమవాళ్లలో శవాన్ని మట్టిలో ఉంచేది కొన్నేళ్లేనట. తర్వాత ఎముకలు తీసి, ద్రాక్షసారాతో కడిగి, పెట్టెలో పెడతారట. భర్తవి తనే కడిగిందట. నాకు ఒళ్లు జలదరించింది. అయినా ఆ సాయంత్రమే ఇంటికి ఫోను చేశాను.

"పాపని కూడా తీసుకెళ్లిపోదామండీ."

"భూస్థాపన చేసేసిన పిల్లని మళ్లీ తవ్వమంటావేంటే? సంఘపెద్దలు ఒప్పుకుంటారా?"

రోజూ పోరాను. చివరికి, వానలు వెలిశాక పెద్దల్ని అడుగుతానన్నాడు. వానలు వెలిసేలోపే సమాధుల దొడ్డి మీదికి నీళ్లు వచ్చేశాయి.

పెద్ద మేడంకి చెప్పాను. ఆవిడ భర్త ఫోటో ముందున్న దీపం పక్కన ఇంకో దీపం పెట్టింది.

మరుసటి ఏడు సమాధుల పండక్కి సెలవు దొరికింది. మా ఊరి పేరే ఉన్న బోర్డు దగ్గర బస్సు దిగాను. నాకు ఒక్క ఇల్లూ తెలియలేదు. మా ఆయన నన్ను కాలనీ వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఒక్కటే చిన్న సమాధి ఉంది, శిలువతో సహా. సున్నం ఇంకా ఆరలేదు.

"ఇందులో ఎవరున్నారండీ?"

"ఎవరూ లేర్లే," అన్నాడు తల దించుకుని. "ఊరంతా వచ్చేసింది గదా. దానికి మాత్రం చోటుండొద్దా?"

అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు. ఆ ఏడు కొవ్వొత్తి నేనే వెలిగించాను.