నీడ పడ్డ దిక్కు సీటు

కిటికీ పక్క సీటు ఎలా ఎంచుకోవాలో నా చిన్నప్పుడు, మందమర్రి స్టేషన్‌లో, మా బాపు నేర్పాడు. అది ఎవరి కోసం ఎంచుకోవాలో కూడా ఆ రోజే నేర్పాడు. మొదటి పాఠం వెంటనే పట్టుబడింది. రెండోది ఒంటబట్టేసరికి నాకు అరవై దాటాయి.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. పగలంతా భూమి కింద గడిపే మనిషి కాబట్టేమో, ఎండ ఎటునుంచి వస్తుందన్నది ఆయనకు పెద్ద సంగతి. నేను అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాణ్ని. ఆ పొద్దున అవ్వ, బాపు, నేను కాజీపేటలో ఉన్న మేనత్త ఇంటికి బయలుదేరాం. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. గోదావరి నిండుగా పారుతోందని కాలనీ అంతా చెప్పుకుంటున్నారు. జైనూర్ గుట్టల్లో పుట్టిన మా అవ్వ నిండు గోదావరిని ఒక్కసారైనా చూడలేదు. కిటికీ దగ్గర కూర్చుని చూడాలని వారం రోజులుగా అంటూనే ఉంది.

బండి రాకముందు బాపు నన్ను ప్లాట్‌ఫాం మీద నిలబెట్టాడు.

"బండి వొయ్యే దిక్కు మొఖం పెట్టు. నీ నీడ ఎటు పడ్డది? గా దిక్కే సీటు వట్టాలె. ఎండ కండ్లల్ల కొట్టది, నీళ్లు సాఫ్ కనవడ్తయి."

నీడ కుడివైపు పడింది. బాపు తన దస్తీ రుమాలు నా చేతికిచ్చి, కిటికీలోంచి సీటు మీద వేసి అవ్వకు జాగా ఆపమన్నాడు. బండి ఆగీ ఆగకముందే పరుగెత్తి దస్తీ విసిరాను. లోపలికి దూరి ఆ సీట్లో కూర్చున్నాను. ఇక లేవలేదు. అవ్వ వచ్చి ఒక్క క్షణం నిలబడి, "కూసోనియ్యి, పిల్లగాడు" అని నడిదారి పక్కన ఒదిగి కూర్చుంది. బాపు నన్ను తిట్టలేదు.

మంచిర్యాల దాటాక వంతెన వచ్చింది. పొద్దుటెండకు మా బండి నీడ మొత్తం ఎర్రటి నీళ్ల మీద పడి మాతోపాటే పరుగెడుతోంది. నీడలో కిటికీలు వెలుతురు గళ్లలా ఉన్నాయి. ఒక గడిలో నా తల. నేను చెయ్యి ఊపితే నీళ్ల మీది చెయ్యి కూడా ఊగింది. ఆ సంబరంలో వెనక్కి తిరిగి చూడలేదు. అప్పుడు బాపు నా భుజం మీదుగా వంగి నెమ్మదిగా అడిగాడు.

"నీ తలకాయ కనవడుతుంది గని, మీ అవ్వది ఏది బిడ్డా?"

నీళ్ల మీద వెతికాను. లేదు. లేచి అవ్వను లోపలికి జరగమన్నాను. ఆమె చీర సర్దుకుని కిటికీకి చేరేసరికి బండి కింద ఇసుక, ఆ తర్వాత తుమ్మచెట్లు. వచ్చేటప్పుడు చూస్తానంది అవ్వ. వచ్చేటప్పటికి చీకటి పడింది. ఆ తర్వాత ఎప్పుడైనా చూసిందో లేదో నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

ఇంత జరిగినా నేను మారలేదు. ఉద్యోగంలో విమానాలు ఎక్కడం మొదలయ్యాక బాపు లెక్కనే వాడుకున్నాను. పొద్దున ఉత్తరానికి పోతే ఎడమవైపు, దక్షిణానికి పోతే కుడివైపు. రెక్క అడ్డురాకుండా దానికి ముందు వరుస. నా భార్య ఎప్పుడూ నడిమి సీట్లోనే కూర్చుంది. తనకూ చూడాలని ఉందేమోనని నేను ఒక్కసారీ అనుకోలేదు.

మొన్న పొద్దున ఢిల్లీ పోతుంటే, ఎడమ కిటికీలోంచి మబ్బుల మీద మా విమానం నీడ కనిపించింది. చిన్నగా, నల్లగా, చుట్టూ ఇంద్రధనుస్సు రంగుల గుండ్రటి గీత. ఆ నీడలో కిటికీలు లేవు, తలలు లేవు. నా తల కూడా లేదు. బాపు అడిగిన మాట మాత్రం చెవిలోనే వినిపించింది.

బెల్టు విప్పి లేచాను. నా భార్య మోకాళ్లు పక్కకు ముడుచుకుని దారి ఇస్తూ, "బాత్రూంకు వోతరా?" అంది.

ఇన్నేళ్లలో నేను ఆ సీటు మరో పనికి వదిలింది ఆమె చూడలేదు. కాదు, నువ్వు జరుగు అన్నాను. ఆమె నా మొఖం ఒకసారి చూసి, జరిగి, నుదురు అద్దానికి ఆనించింది. నీడ ఇంకా అక్కడే ఉంది. ఆమె చాలాసేపు నావైపు తిరగలేదు.

ఇప్పటికీ ఏ బండి ఎక్కబోయినా నా నీడ ఎటు పడిందో చూస్తాను. ఆ తర్వాత నా వెనక ఎవరు నిలబడ్డారో చూడటం మాత్రం ఇప్పుడిప్పుడే అలవాటు చేసుకుంటున్నాను.