భ్రమంటే ఏటి బావూ?

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే బస్సులో నా పక్కన ఒక మత్స్యకార స్త్రీ కూర్చుంది. సముద్రంలో చేపల వేటకు వెళ్ళిన ఆమె భర్త ఏడాదైనా తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఆ రోజు అత్తవారి ఊళ్ళో దర్భగడ్డితో అతని బొమ్మ చేసి దహనం చేస్తారట. అందుకే తమ్ముడు ఆమెను తీసుకెళ్తున్నాడు.

"మీ బావ బతికే ఉన్నాడురా. ఏ ఒడ్డుకో సేరుంటాడు," అంది తమ్ముడితో.

"అదంతా నీ భ్రమే అప్పా. ఇంకెన్నాళ్ళు సూస్తావు?"

ఆమె నా చేతిలోని పుస్తకం చూసి ఇటు తిరిగింది. "భ్రమంటే ఏటి బావూ?"

"లేనిదాన్ని ఉందనుకోవడం, తల్లీ."

"మరి గడ్డిని సూపించి నీ పెనిమిటంతన్నారు. అదేటి?"

"అదే అసలైన భ్రమ!" అన్నాను. ఇలాంటి తంతుల మీద ఎన్నో సభల్లో నిప్పులు చెరిగినవాణ్ణి. నా గొంతు బస్సంతా వినిపించింది. "గడ్డి గడ్డే. మనిషి కాదు."

ఆమె ముఖం విప్పారింది. నా మోచెయ్యి పట్టుకుంది. "సూసావురా! సదువుకున్నోరు సెప్తన్నారు. అయితే మా మావ ఉన్నట్టే కదా బావూ?"

దేనికైనా రుజువు అడిగే అలవాటు నాది. ఉన్నాడనడానికి నా దగ్గర రుజువు లేదు. లేడనడానికి నోరు రాలేదు.

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా చెయ్యి తీసేసుకుంది.

ఊరు రాగానే తమ్ముడికన్నా ముందు ఆమే లేచింది.

"ఇన్నాళ్ళూ నీళ్ళల్లోనే ఉండిపోయాడురా మీ బావ. సలేస్తంటాది," అంది. "పద, నిప్పెట్టీద్దాం."