కారే బడికి కొత్త రంగు

కొత్త రంగు వాసన చాలామందికి పండుగను గుర్తుచేస్తుందేమో కానీ, నా ముక్కుకు మాత్రం అది అనుమానం వాసన. మొన్న శ్రావణంలో చొప్పదండి పక్కనున్న మా ఊళ్లో బస్సు దిగి, సర్కారు బడి ముందు నుంచి నడుస్తుంటే ఆ వాసన గుప్పున కొట్టింది. గోడ మీద రైలుబండి బొమ్మ, దాని కిటికీల్లో నవ్వుతున్న పిల్లలు, అంతా తళతళ. ఇప్పుడెందుకు వేశారీ రంగు, ఎవరొస్తున్నారు, పోతూ పోతూ ఏం పట్టుకుపోతారు? ఇట్లా ఆలోచించడం నాకు మా అమ్మ నుంచి వచ్చింది. ఆమెను మేం అవ్వ అనేవాళ్లం.

మా చిన్నప్పుడు అదే జాగాలో పెంకుల బడి ఉండేది. వానకాలం వస్తే బయట కంటే లోపలే ఎక్కువ కురిసేది. ఇంటికో బకీటో చెంబో తెచ్చి కారేచోటల్లా పెట్టి, వాటి మధ్య పొడిగా ఉన్న జానెడు జాగాలో నేనూ నా దోస్తు రాజవ్వా ఒకరికొకరు ఒరుసుకుని కూర్చొని, ఒళ్లో దాచుకున్న కాల్చిన మక్కకంకిని సారు చూడకుండా వలుచుకు తింటుంటే, తడిసిన జడల వాసన, కంకి వాసన, చెమ్మపట్టిన పలకల వాసన ఒకటై ఉండేవి. అయిదు తరగతులకూ ఎల్లయ్య సారు ఒక్కడే. రాజవ్వ ఆయన కంటే గట్టిగా ఎక్కాలు చెప్పేది. పెద్దయ్యాక పంతులమ్మ అవుతానని ఊరంతా చాటింది.

కప్పు బాగుచేయాలని, ఇంకో సారును ఇయ్యాలని ఊరివాళ్లు మొరపెట్టుకోగా పెట్టుకోగా, చివరికి బతుకమ్మ పండుగ ముందర జిల్లా ఆఫీసు నుంచి పెద్ద సారు బడి చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఇంకేముంది, ఊరంతా హడావుడి. సగం కోసిన డ్రమ్ములో సున్నం వేసి నీళ్లు పోస్తే బుసబుసా పొంగింది. నీలిమందు కలిపి ముందటి గోడకు కొట్టారు, కింద ఎర్రమట్టి జాజుతో పట్టీ తీశారు. వెనుక గోడను ఎవరు చూస్తారని వదిలేశారు. బకీట్లన్నీ మేమే మోసుకుపోయి వెనుక సీతాఫలం చెట్ల సందున దాచాం.

చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న అవ్వ మాత్రం తలెత్తకుండా అంది: "చినిగిన చీర కట్టుకొని పోతెనే ఇంత గింజ ఏస్తరు. పట్టుచీర కట్టుకొని అడిగితే ఎవలేస్తరే? గా బకీట్లెందుకు దాసిండ్రు? గాయిన వచ్చిననాడు జర వానన్న పడితే బాగుండు."

వాన పడలేదు. ఎండ మండిపోయింది. జీపు దిగిన పెద్ద సారు, అవ్వ చేసిన సర్వపిండి రెండు ముక్కలు తిని, గోడ చూసి, మెరిసే మా నూనె తలలు చూసి, "బడి బంగారంలా ఉంది, ఇక్కడ ఏ కొరతా లేదు" అన్నాడు. ఎల్లయ్య సారు చేతులు జోడించి ఆయన్ను జీపు దాకా సాగనంపాడు.

సద్దుల బతుకమ్మ ఆడి, మలీద ముద్దలు తిని, దసరా సెలవుల తర్వాత బడికి పోతే తలుపుకు తాళం. కొరత లేని బడి నుంచి సారును కొరత ఉన్న బడికి పంపారట! ఇక వాగు దాటి పక్కూరికి పోవాలి. మా అన్న సైకిల్ మీద నేను పోయాను. రాజవ్వ బాపు ఒక్కటే మాటన్నాడు: "ఆడివిల్లను వాగు దాటిపిస్తనా? వద్దు." మళ్లీ ఊరికి సారు వచ్చేసరికి రాజవ్వ ఒళ్లోకి బీడీల చాట వచ్చేసింది. ఆ సున్నం మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడా బడిలో మధ్యాహ్నం వంట రాజవ్వదే. ఆమె మనుమరాలు అక్కడే నాలుగో తరగతి. గేటులోంచి తొంగిచూస్తే, రాజవ్వ రెండు చేతులా ఖాళీ బకీట్లతో వంటగదిలోంచి తరగతి గదిలోకి పోతోంది.

"ఏందే గవి?" అన్నాను.

"రేపు పెద్ద సారు వస్తుండట. పిల్లలు తక్కువున్నరని పక్కూరి బడిల కలుపుతరంటుండ్రు. కప్పు కారవట్టే గద పిల్లలు తగ్గింది. మేడం గీ బకీట్లు వంటింట్ల దాసింది. నేను మల్ల కారేకాడనే పెడుతున్న. మనం దాసి ఏం బాగుపడ్డం?"

వరండాలో ఉన్న పడుచు మేడం విన్నది. విననట్టే మొహం తిప్పుకుంది.

నేనూ ఒక బకీటు అందుకున్నాను. పెంకులు పోయి స్లాబు వచ్చింది, పొంగే సున్నం పోయి డబ్బా రంగు వచ్చింది. సీతాఫలం చెట్లు లేవు, జాజు పట్టీ లేదు, అవ్వ లేదు. వెనక్కి పోయి చూశాను, ఆ గోడకు ఈసారీ రంగు లేదు. స్లాబు మీద చెమ్మ మరకలు ఎక్కడున్నాయో చూసుకుంటూ, నల్లబల్ల ముందొకటి, మనుమరాలు కూర్చునే చోటొకటి, పెద్ద సారు కాలికి తగిలేలా గడప దగ్గరొకటి పెట్టాం.

బయటికి వచ్చేసరికి పడమట నల్లగా మబ్బు పట్టింది. రాజవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు దాన్నే చూసింది.

"గా వాన రేపటిదాక ఆగుతదంటవా?" అంది.