సీసాలో ఎన్ని గింజలు

నా చిన్నప్పుడు, మావాళ్ళు వలస వచ్చిన ఈ దేశంలో, క్లెమెంటి అనే పేటలో మా బ్లాకు పిల్లలకి ఓటంటే ఒక సాగా గింజ. మన గురివింద గింజలాగే ఉంటుంది, కాకపోతే ఒళ్ళంతా ఎరుపే. చెట్ల కింద ఏరుకొచ్చి, నచ్చినవాళ్ళ బిస్కెట్ డబ్బాలో వేసేవాళ్ళం. ఏటా సెలవుల్లో పక్క బ్లాకుతో ఆటల పోటీకి నాయకురాలిని అలాగే ఎన్నుకునేవాళ్ళం. వరసగా రెండేళ్ళు నేనే గెలిచాను. ఓటర్ల పేర్లు రాసే నోటుబుక్కూ నా దగ్గరే ఉండేది. నా పెత్తనం అంతా ఇంతా కాదు.

మూడో ఏడు విజయనగరం నుంచి ఒక పిల్ల మా పై అంతస్తులోకి వచ్చింది. వాళ్ళ నాన్నకి షిప్‌యార్డులో పని. వచ్చిన వారానికే, నా మీద పోటీకి నిలబడ్డ పక్కింటి అక్కతో జట్టు కట్టింది. ఆ పిల్ల గింజ ఎటు పడుతుందో నాకు తెలిసిపోయింది. వెంటనే ఒక నియమం పెట్టాను. కొత్తవాళ్ళు నోటీసు బోర్డు మీది ఇంగ్లీషు గడగడా చదివితేనే పేరు రాస్తానన్నాను. నిజం చెప్పొద్దూ, అందులో సగం నాకే రాదు. నన్ను ఎవరడుగుతారు?

ఆ పిల్ల గింజను పిడికిట్లో పట్టుకుని నిలబడింది. “నాకు ఇంగిలీసు రాదు గానీ, ఎవులు బాగా ఆడతారో తెల్సు,” అంది. నేను నోటుబుక్కు మూసేసరికి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మా ఎదురింటి ఆంటీ బ్లాకు కింద బల్ల మీద కూర్చుని ఇదంతా చూశారు. ఆవిడ అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి ఆవిడ, దగ్గర్లోని యూనివర్సిటీలో చరిత్ర చెప్పేవారు. శనివారాలు కేకు చేసి పిల్లలందరినీ పిలిచేవారు. మర్నాడు శనివారమే. నేను వెళ్ళేసరికి అందరూ లోపల తింటున్నారు, కొత్త పిల్లతో సహా. నాకు మాత్రం ఆంటీ ఇనుప గేటు తియ్యలేదు. ఊచల అవతల నుంచి సాగా గింజలు నిండిన సీసా చూపించి, ఇందులో ఎన్నున్నాయో చెబితేనే రానిస్తానన్నారు.

మూడొందలన్నాను. కాదన్నారు. ఐదొందలన్నాను. కాదన్నారు. వాళ్ళనెవరినీ అడగలేదు కదా అని ఉక్రోషంతో ఏడ్చేశాను.

ఆంటీ చప్పున గేటు తీసి నన్ను ఒళ్ళోకి లాక్కున్నారు. వాళ్ళ తాతగారి తల్లిదండ్రులు బానిసలట. బానిసత్వం పోయింది, ఓటు వేయొచ్చని చట్టమూ వచ్చింది. ఆయన చర్చికి వేసుకునే ఆదివారం కోటు తొడుక్కుని పేరు రాయించుకోవడానికి వెళితే, అక్కడి అధికారి చిక్కుడు గింజల సీసా ముందు పెట్టి ఎన్నో చెప్పమన్నాడట. తెల్లవాళ్ళని ఆ ప్రశ్న అడిగేవాడు కాదు. తాతగారు ప్రతి ఎన్నికకీ వెళ్ళారు, ప్రతిసారీ వెనక్కి వచ్చారు. ఒక్క ఓటైనా వేయకుండానే పోయారు.

“ఇంతకీ ఎన్ని గింజలు ఆంటీ?” అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

“అడిగినవాడు కూడా ఎప్పుడూ లెక్కపెట్టలేదు బంగారం,” అన్నారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు సిగ్గేసింది.

అక్కడే, ఆ కేకు ముందే, నోటుబుక్కులో కొత్త పిల్ల పేరు రాశాను. ఆ సాయంత్రం ఒకే ఒక్క గింజ తేడాతో ఓడిపోయాను. బాధ పడలేదంటే అబద్ధమే. కానీ తన గింజ డబ్బాలో పడ్డప్పుడు ఆ పిల్ల నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

ఆంటీ అమెరికా తిరిగి వెళ్ళిపోతూ సీసా నాకిచ్చారు. మొన్న ఓటింగుకి బయలుదేరుతుంటే మా మనవరాలు దాన్ని చూసి ఎన్నని అడిగింది. తెలియదన్నాను. “జస్ట్ కౌంట్ లా, అమ్మమ్మా!” అంది, మాట చివర ‘లా’ తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో. నవ్వి, సీసా మళ్ళీ అలమారలో పెట్టాను.

ఓటింగు దగ్గర కూర్చున్న అమ్మాయి నా కార్డు చూసి ఓటు కాగితం అందించింది. ఏ ప్రశ్నా వేయలేదు. ఎన్నేళ్ళయినా అక్కడ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆదివారం కోటు తొడుక్కున్న పెద్దాయన ఒకరు నా పక్కనే నిలబడి ఉన్నట్టుంటుంది. ఆయన కోసమూ ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుంటాను.